కలల గోలీ

ఆ పేరు పెట్టింది సత్తమ్మ. డబ్బా మీద ఇంగ్లీషులో బారెడు పేరు రాసి ఉంటుంది కానీ, దాన్ని ఆ పేరుతో పిలిచినవాళ్ళు మర్రిగూడ చుట్టుపక్కల ఒక్కరూ లేరు. రాత్రి పడుకోబోయే ముందు ఆ ఒక్క మాత్ర మింగి కళ్ళు మూస్తే చాలు, సత్తమ్మ కోడలు శోభకు కలలు వచ్చేవి. అల్లాటప్పా కలలు కావవి. తెల్లారి లేచాక కూడా పాదాలకు ఆ కలలోని తడి అంటుకునే ఉన్నట్టుండేది.

కలలో గుట్టలు తమ ఊరి గుట్టలే. కానీ బండలన్నీ అప్పుడే వాన వెలిసినట్టు నిగనిగలాడేవి. నేలంతా తంగేడు పూసి ఉండేది. పత్తిచేలు లేవు, కంచెలు లేవు, కరెంటు స్తంభాలు లేవు. బావుల్లో నీళ్ళు పైమెట్టు దాకా వచ్చి ఉండేవి, దోసిట పట్టి తాగితే తియ్యగా ఉండేవి. పళ్ళకు గార పట్టించి నడుములు వంచే ఫ్లోరైడు నీళ్ళు తాగి పెరిగిన మనిషికి ఇది కల అని పోల్చుకోవడానికి ఆ తీపి ఒక్కటే సరిపోవాలి. అయినా శోభకు తెలిసేది కాదు. మంద ముందు పరమేష్ నడుస్తుండేవాడు. భుజాన నల్ల గొంగడి, చంకలో ఓ గొర్రెపిల్ల. వెనక్కి తిరిగి చూసేవాడు కాదు. "పా" అనేవాడు, అంతే. శోభ వెంట నడిచేది. దగ్గు లేదు, ఆయాసం లేదు. ఎంత నడిచినా పొద్దు వాలేది కాదు.

పరమేష్ ఆమె మొగుడు. చనిపోయి అప్పటికి రెండేళ్ళు.

పోతూ పోతూ అతను ఇంటికి మూడు వదిలిపెట్టాడు: తల్లి సత్తమ్మను, సర్కారు ఇచ్చిన గొర్రెల్లో బతికి బట్టకట్టిన కొన్నింటిని, శోభ నెత్తురులో హెచ్‌ఐవిని. నాలుగోది టీబీ. అది తీరిగ్గా బయటపడింది. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు కాలడం, రాత్రంతా దగ్గు, జాకెట్లు వదులైపోవడం. మేకపాలు తాగితే పోతుందని ఒకరన్నారు, గాలి సోకిందని ఇంకొకరన్నారు. ఉచిత సలహాలకు మన ఊళ్ళలో ఏనాడూ కరువు లేదు. శోభ ఎవరి మాటా వినలేదు. ఈ దారి ఆమె ఒకసారి చూసిందే. పరమేష్‌కూ ఇవే రెండు జబ్బులు. అతనూ మందులు మింగాడు. రెండు నెలల్లో దగ్గు పోయింది, ఒంటికి కండ వచ్చింది. ఇక నాకేమైందని మందను తోలుకుని కృష్ణ ఒడ్డుకు వలస పోయాడు. అక్కడ డబ్బా ఖాళీ అయింది. ఊరికి పోయాక తెచ్చుకుందాంలే అనుకున్నాడు. ఆ 'లే' అన్న ఒక్క అక్షరమే అతన్ని తినేసింది. తిరగబెట్టిన టీబీ మొదటిదాని కంటే మొండిగా వచ్చింది.

అందుకని శోభ ఒక్కతే చండూరు మీదుగా పోయే బస్సెక్కి నల్లగొండ దవాఖానకు వెళ్ళింది. సత్తమ్మ రాలేదు. కొడుకు కన్ను మూసిన ఆ దవాఖాన గడప తొక్కనని ఆమె ఒట్టు పెట్టుకుంది.

మందులిచ్చే గదిలో కౌన్సెలరు నాగరాణి ఉంటుంది. వచ్చినవాళ్ళకు కుర్చీ చూపించి, జబ్బు సంగతులు విడమరిచి చెప్పి, ఏడ్చేవాళ్ళను ఏడవనిచ్చే ఉద్యోగం ఆమెది. పరమేష్ కూడా ఆమెకు తెలిసినవాడే.

"రెండు జబ్బులక్కా, రెండు తీర్ల మందులు" అంది నాగరాణి. "ముందుగాల టీబీ గోలీలు షురూ చేద్దాం. పొద్దుగాల మింగాలె. ఒంటికి పోతె ఎర్రగ వస్తది, కన్నీళ్ళు గూడ ఎర్రబారుతయ్, బుగులు పడకు. రెండు వారాలైనంక రాత్రి గోలీ ఇస్త. అది మింగితె జర తల తిరుగుతది, కలలొస్తయ్. పడుకునేముందే మింగు. నడిమిట్ల ఏదీ ఆపొద్దు. పరమేషన్న సంగతి నీకు నేను చెప్పాల్నా?"

చెప్పనక్కర్లేదని శోభ తలూపింది.

సత్తమ్మకు అక్షరం ముక్క రాదు. కానీ మందలకు మందులు తాపిన చేయి ఆమెది. కడుపులో పురుగులు పోవడానికి నట్టల మందు తాపేటప్పుడు ఏ గొర్రె తాగింది, ఏది తప్పించుకుంది తెలియాలంటే ఒకటే ఉపాయం. తాగినదాని నెత్తిన తడి జాజు, అంటే ఎర్రమట్టి, రాసి వదులుతారు. ఎర్ర మచ్చ ఉంటే తాగినట్టు, లేకపోతే మళ్ళీ పట్టుకోవాలి. కోడలి విషయంలో కూడా ఆమె అదే పద్ధతి పెట్టింది. కొబ్బరి చిప్పలో జాజు కలిపి పెట్టుకుని, పొద్దుటి గోలీలు మింగగానే శోభ కుడిచేతి మీద ఒక చుక్క, రాత్రి గోలీ మింగగానే ఎడమచేతి మీద ఒక చుక్క.

"నేను గొర్రెనా అత్తా?" అని శోభ నవ్వింది మొదటిరోజు.

"గొర్రే నయం. పట్టుకుంటె నోరు తెరుస్తది. నీ మొగుణ్ణి పట్టుకున్నా తెరిపియ్యలేకపోయిన" అంది సత్తమ్మ.

రాత్రి గోలీ మొదలైన మర్నాడు పొద్దున శోభ లేచి కల చెప్పింది. సత్తమ్మ చేతిలోని చీపురు కింద పెట్టి, గడప మీద కూలబడింది. చనిపోయినవాళ్ళు కలలోకి వచ్చి వెంట రమ్మంటే ఏమవుతుందో ఆ ఇళ్ళల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

"ఏమన్న పెడితె తినకు. నీళ్ళిస్తె తాగకు. వాగు గిట్ల అడ్డమొస్తె అస్సలు దాటకు" అంది. మళ్ళీ గొంతు తగ్గించి అడిగింది. "మంచిగున్నడా? బక్కగ లేడు గద?"

"మంచిగున్నడత్తా. పెండ్లప్పటి లెక్క ఉన్నడు."

సత్తమ్మ కొంగుతో మొఖం తుడుచుకుని దొడ్డిలోకి వెళ్ళిపోయింది. తర్వాతి పొద్దున శోభ కళ్ళు తెరిచేసరికి ఆమె మంచం పక్కనే కూర్చుని ఉంది. "ఏమన్నడే?" అని అడిగింది. ఆ తర్వాత రోజూ అదే మాట. దొడ్డికి అడ్డం పెట్టిన కట్టె తీస్తూ, పెంటికలు ఊడుస్తూ, గంజి కాస్తూ, "ఏమన్నడే?"

"ఏమనలేదత్తా. పా అన్నడు. ముంగట నడిచిండు."

"గింతేనా?"

సత్తమ్మకు కావలసింది ఒక్క మాట. అది శోభకు తెలుసు, ఊరందరికీ తెలుసు. ఇల్లు దాటేటప్పుడు ఎవరూ 'పోతున్న' అనరు. 'పోయొస్త' అంటారు. పొరపాటున నోరు జారితే ఇంట్లోవాళ్ళు ఆపి, సరిగ్గా అనిపించి మరీ పంపిస్తారు. పరమేష్‌ను ఆఖరుసారి ఆటోలో దవాఖానకు తీసుకుపోయిన పొద్దున సత్తమ్మ దొడ్డిలో ఈనుతున్న గొర్రె దగ్గర ఉంది. పిల్ల సగం బయటికొచ్చి అడ్డం తిరిగింది. మోచేతుల దాకా నెత్తురు. వెనక నుంచి కొడుకు గొంతు వినిపించింది. "పోతున్ననే అమ్మా." గట్లనొద్దురా, పోయొస్త అనరా అని చెప్పాలనుకుంది. చెయ్యి తీస్తే పిల్ల చచ్చిపోతుంది. పిల్లను బయటికి లాగి ఆమె తిరిగి చూసేసరికి ఆటో మలుపు తిరిగిపోయింది. ఆ పిల్ల బతికింది. ఇప్పుడది తొలి ఈత దాటిన గొర్రె. దాన్ని సత్తమ్మ అమ్మదు, మీద చెయ్యి కూడా వెయ్యదు.

శోభకు పరమేష్ మీద కోపం లేదా అంటే, ఉంది. మెలకువగా ఉన్నంతసేపూ ఉంది. గొర్రెలు రాకముందు లారీ మీద పనికి పోయిన రోజుల్లో ఎక్కడెక్కడో తిరిగి ఈ జబ్బు తెచ్చాడు, చెప్పకుండా దాచాడు, చివరికి మందులు కూడా సరిగ్గా మింగక చచ్చాడు. పగలు ఈ లెక్కలన్నీ ఆమెకు బాగా గుర్తుండేవి. కలలో మాత్రం ఒక్కటీ గుర్తుండేది కాదు. తడి బండల మీద అతని అడుగుల్లో అడుగులేసి నడుస్తుంటే, ఇంత సుఖం తనకు బతుకులో ఎన్నడూ లేదనిపించేది. సాయంత్రమైతే చాలు, ఆ మాత్ర కోసం ఆమె చెయ్యి దానంతటదే డబ్బా వైపు పోయేది. ఇది ఆమె ఎవరికీ చెప్పలేదు. చెప్పుకోవడానికి సిగ్గేసింది.

కొన్ని వారాలకు శోభ మెడ పక్కన నిమ్మకాయంత గడ్డ లేచింది. తగ్గిన జ్వరం మళ్ళీ వచ్చింది. మందులు మింగుతుంటే తగ్గాలి కానీ పెరగడమేమిటని సత్తమ్మ గుండె జారిపోయింది.

"వాడే గుంజుతున్నడు. గా కలల గోలీ బంద్ చెయ్యి బిడ్డా" అంది. "వాణ్ణి సూడకున్నా మంచిదే. నువ్వు గూడ పోతె నాకెవలున్నరు?"

శోభకూ భయమేసింది. గడ్డను చూసి సగం, గోలీ ఆపితే కల పోతుందని సగం. ఏడుస్తూ నాగరాణికి ఫోన్ చేసింది. చెవికి పెట్టుకునే ఓపిక లేక స్పీకరు పెట్టింది.

"బుగులు పడకక్కా, గిట్ల కొందరికైతది" అంది నాగరాణి. "ఇన్నొద్దులు నీ ఒంట్ల కావలి కుక్కకు తిండి లేదు. మూల్గుకుంట పండుకుంది. గిప్పుడు రాత్రి గోలీతోని దానికి బలమొచ్చింది. మూలకు నక్కిన టీబీని సూసి మొరుగుతాంది. గా లొల్లే గీ గడ్డ. గోలీలు ఆపితె కుక్క మల్ల పండుకుంటది. రేపు పొద్దుగాల రా, డాక్టర్ సారు సూస్తడు. ఏదీ ఆపకు."

"మరి మావోడు కలల్లకొచ్చి పిలుస్తున్నడు బిడ్డా" అంది సత్తమ్మ ఫోన్ మీదికి వంగి.

"పరమేషన్న వచ్చుడు కాదు పెద్దమ్మా. గా గోలీ గుణమే గంత. మింగినోళ్ళకు కలలొస్తయ్."

డాక్టరు చూసి ఇంకో మందు రాశాడు. రోజులు గడిచేకొద్దీ గడ్డ అణిగింది, జ్వరం దిగింది, శోభ ముద్దకు ముద్ద ఎక్కువ తినసాగింది. అంతా బాగుపడుతోందనుకునే వేళకు సత్తమ్మకు ఏదో అయింది. ఓ పొద్దున లేచి నిలబడబోయి గోడ పట్టుకుంది. కళ్ళు బరువుగా, మాట ముద్దగా ఉంది.

"కల్లు తాగినవా అత్తా?" అని శోభ పరిహాసమాడింది.

"ఎవల మొకానికి? బీపీ కావచ్చు" అని సత్తమ్మ కసిరింది. మరో రెండు పొద్దులు గడిచాక మళ్ళీ అదే తూలుడు. దొడ్డి కట్టె తీయబోయి బోర్లా పడింది. శోభ పరుగెత్తి లేవనెత్తింది. మోకాలు గీరుకుపోయింది. నీళ్ళు పోసి కడుగుతూ చూస్తే, అత్త ఎడమచేతి మీద ఎర్రగా జాజు చుక్క ఉంది.

జాజు కలిపే చేతికి జాజు అంటదా అని మొదట సరిపెట్టుకుంది. కానీ అది అంటిన మరక కాదు. తన చేతి మీద రోజూ పెట్టినట్టే బొటనవేలితో పొందికగా పెట్టిన చుక్క. శోభ లేచి లోపలికి వెళ్ళి గోలీల డబ్బా ఊపింది. నల్లగొండ పోవలసిన తేదీకి ఇంకా నాలుగు రోజులుంది. డబ్బాలో ఏమీ గలగలలాడలేదు.

"అత్తా, కలల గోలీలు నువ్వు మింగినవా?"

సత్తమ్మ బొంకదలచుకుంటే బొంకవచ్చు. కానీ మందు మింగినవాళ్ళకు జాజు పెట్టాలన్న అలవాటుకు తన చెయ్యి, పరాయి చెయ్యి అన్న తేడా తెలియలేదు. చేసిన దొంగతనానికి తానే ముద్ర వేసుకుని కూర్చుంది పిచ్చి ముసలమ్మ.

"మింగినోళ్ళకు వస్తడని గా దవాఖాన పిల్లనే చెప్పింది గద" అంది మెల్లగా.

శోభ ఒళ్ళు మండిపోయింది. "నీ కొడుకు సచ్చింది గిట్లనే! డబ్బా ఖాళీ జేస్కొనే సచ్చిండు! నన్ను గూడ గట్లనే సంపుతవా?" అని అరిచింది. దొడ్డిలో గొర్రెలు బెదిరి ఒక మూలకు చేరాయి.

సత్తమ్మ కాళ్ళు చాపి నేల మీదే కూర్చుంది. మోకాలి మీది నెత్తురు కాలి వేళ్ళ దాకా జారినా తుడుచుకోలేదు. మెల్లగా అంది, "కన్నది నేను. కనబడేది నీకా?"

రోజూ పొద్దున్నే ఈ ముసలామె ఆకలిగా అడిగితే, శోభ రాత్రి కడుపునిండా చూసుకుని లేచి, 'ఏమనలేదత్తా' అని రెండు మెతుకులు విదిల్చింది. కోపం ఎటు పోయిందో పోయింది. పక్కన కూర్చుని అత్త మోకాలికి పసుపు అద్దింది.

అయితే గోలీలు లేవన్నది నిజం. ఇప్పుడు వెళ్తే నాగరాణి ఏమనుకుంటుంది? అమ్ముకుందనుకుంటుంది, పారేసిందనుకుంటుంది. అత్త మింగిందని చెబితే నవ్విపోతారు. శోభకు తల కొట్టేసినట్టయింది. "తారీకు నాటికి పోత తియ్యి. నాలుగొద్దులకు ఏమైతది" అంది.

అంటూనే తన నోట్లోంచి వచ్చింది ఎవరి మాటో ఆమెకే వినిపించింది. సత్తమ్మకూ వినిపించింది. గోడ పట్టుకుని లేచి, దండెం మీది మంచి చీర లాగింది.

"పా. గిప్పుడే పా. నేను మింగినని నేనే చెప్త."

"దవాఖానకు రానన్నవు గదత్తా."

"ఒట్టు నాది. నేనే దీస్కుంట."

పల్లెవెలుగు బస్సులో సత్తమ్మ కిటికీ పక్కన కూర్చుని, వంగిన నడుముతో దారి పొడుగునా ఎగుడుదిగుడులన్నీ కాచుకుంది. బయట తెల్లగా విచ్చుకున్న పత్తి. శోభ కళ్ళకు ఆ పొద్దు కలా మెలకువా కలిసిపోయి, చేల మీద మంద పరుచుకున్నట్టు కనిపించింది. దానికి ముందు మాత్రం ఎవరూ నడవడం లేదు.

విషయం వినగానే నాగరాణి మొఖం బిగిసింది. "శోభక్కా, నిజం చెప్పు. గోలీలు ఎవలకన్న ఇచ్చినవా?"

"నా కోడలు ఇయ్యలేదు బిడ్డా, నేనే దొంగిలించిన" అంటూ సత్తమ్మ ఎడమచెయ్యి బల్ల మీద పెట్టింది. మాసిన జాజు చుక్క ఇంకా ఉంది. "మావోడు వస్తడేమోనని మింగిన. రాకపాయె. ఒక్కదానికి రాడేమోనని ఇంకో పొద్దు మింగిన. రాకపాయె. మల్ల మింగిన."

"ఒక్కసారన్న వచ్చిండా పెద్దమ్మా?"

"యాడ బిడ్డా! మంచం తిరిగింది. దూలాలు తిరిగినయ్. దొడ్డి తిరిగింది. వాడొక్కడే తిరిగి రాలే."

నాగరాణికి నవ్వొచ్చింది. నవ్వు సగంలోనే ఆగింది. ఏదో వెతుకుతున్నట్టు సొరుగు లాగి, అందులోకి తలవంచి కాసేపు అలాగే ఉంది. తర్వాత లేచి సత్తమ్మకు బీపీ చూసింది, డాక్టరుకు చూపించింది, డాక్టరుతో చెప్పి శోభకు కొత్త డబ్బా ఇప్పించింది.

"గీ గోలీ నీ కొడుకును తోల్కరాదు పెద్దమ్మా" అంది పంపిస్తూ. "నీ కోడల్ని నిలబెడుతది. దానికి చాతనైంది గదే."

గేటు దగ్గర సత్తమ్మ ఆగింది. వార్డు కిటికీల వైపు చూసి, "ఏది?" అంది. "ఆ మూలదత్తా" అంది శోభ. సత్తమ్మ తలెత్తి ఆ కిటికీని చూస్తూ నిలబడింది. ఎవరిదో ఆకుపచ్చ తువ్వాల ఊచలకు ఆరేసి ఉంది. "గాలి మంచిగనే వస్తది" అని, బస్టాండు దారి పట్టింది.

ఆ రాత్రి శోభకు వచ్చింది అన్నిటికంటే పెద్ద కల. గుట్టలు అయిపోయాయి, మెట్ట చెల్కలు అయిపోయాయి, ఎదురుగా కృష్ణ. నీళ్ళు అంచు దాకా నిండి, కదలకుండా, పాల తెలుపుగా ఉన్నాయి. మంద ఆగకుండా ఒక్కొక్కటే నీళ్ళలోకి దిగి నడిచిపోతోంది, మోకాళ్ళు కూడా తడవడం లేదు. పరమేష్ ఒడ్డున ఆగాడు. చంకలోని పిల్లను కింద పెట్టాడు. అది అతని వెంట పోలేదు, చెంగున గెంతి శోభ కాళ్ళ దగ్గరికి వచ్చింది. "పా" అన్నాడు. శోభకు పోవాలనిపించింది. నిజం చెప్పాలంటే, పోవాలని ప్రాణం కొట్టుకుంది. కాలెత్తింది. ఎడమచేతి మీది జాజు చుక్క చురుక్కుమంది. పొద్దున బోర్లా పడ్డ ముసలామె, మోకాలి నెత్తురు గుర్తొచ్చాయి. ఎత్తిన కాలు అక్కడే దించింది. పరమేష్ నీళ్ళ మీద నడిచి వెళ్ళిపోయాడు. ఏమీ అనలేదు. ఒక్కసారైనా వెనక్కి చూడలేదు.

తెల్లవారింది. దొడ్డి కట్టె తీస్తూ సత్తమ్మ అడిగింది, "ఏమన్నడే?"

ఆమె గొంతులో ఇదివరకటి ఆశ లేదు. అలవాటు కొద్దీ అడిగింది. శోభకు అది మరీ కష్టంగా తోచింది.

"నీకు చెప్పుమన్నడత్తా" అంది. "కృష్ణ దాటుకుంట ఒక్క మాటన్నడు."

"ఏమని?"

"పోయొస్త అన్నడు."

సత్తమ్మ చేతిలోని కట్టె అలాగే ఆగిపోయింది. గొర్రెలు ఆమెను రాసుకుంటూ బయటికి వెళ్ళిపోయాయి. "మల్ల అను" అంది.

"పోయొస్త."

"ఇంకొక్కపారి."

"పోయొస్త, అత్తా."

"అనాలె మరి" అంది సత్తమ్మ. కట్టె గోడకు ఆనించి, మంద వెనక నడిచింది. ఆ తర్వాత ఆమె ఇక ఏ పొద్దునా కల గురించి అడగలేదు. చెప్పిన అబద్ధం పండిందని శోభ ఊపిరి పీల్చుకుంది. కలలు కూడా మెల్లమెల్లగా పలచబడ్డాయి. తడి బండలు వచ్చేవి, తంగేడు వచ్చేది, మనిషి వచ్చేవాడు కాదు.

చలికాలం దాటేసరికి టీబీ మందుల గడువు పూర్తయింది. తెమడ పరీక్షలో ఏమీ లేదన్నారు. "టీబీ నయమైందక్కా. పొద్దుటి గోలీలు ఇగ బంద్. రాత్రిది మాత్రం బతికినన్నొద్దులు" అంది నాగరాణి. ఆమె కళ్ళలో సంతోషం చూసి శోభ అక్కడే ఏడ్చేసింది. ఆ కన్నీళ్ళు మామూలు రంగుకు రావడానికి ఇంకా రెండు రోజులు పట్టింది. తర్వాత కరోనా వచ్చి, లోకమంతా మూతులకు గుడ్డలు కట్టుకుంది. ఆ గడబిడ సద్దుమణిగాక దవాఖానలో రాత్రి గోలీ కూడా మార్చారు. కొత్తదానికి తల తిరగదు, కలలు రావు. సత్తమ్మ ఆ కొత్త డబ్బాను అటూ ఇటూ తిప్పి చూసి, పేరేమీ పెట్టలేదు.

ఆ తర్వాతి ఎండాకాలం చెల్కల్లో గడ్డి పోచ లేదు. పరమేష్ పెద్దనాయిన కొడుకు గుర్వయ్య, అతని భార్య అండాలు మంద తోలుకుని కృష్ణ ఒడ్డుకు పోతుంటే, శోభ కూడా తన గొర్రెలను వాళ్ళతో కలిపింది. పోక తప్పదు. పరమేష్ పోయిన దారే. అందరూ లోలోపల అదే అనుకున్నారు, ఎవరూ పైకి అనలేదు. నాగరాణి రెండు నెలల గోలీలు ఒక్కసారే ఇప్పించింది, అయిపోకముందే దేవరకొండలో తీసుకునేలా చెప్పి పెట్టింది.

బయల్దేరే పొద్దున శోభ భుజాన నల్ల గొంగడి వేసుకుంది. సద్దిమూట ఒక చేతిలో, కర్ర ఒక చేతిలో. గోలీల డబ్బా నడుము దగ్గర చీర మడతలో. సత్తమ్మ ఒక జాజు గడ్డ తెచ్చి సద్దిమూటలో కుక్కింది.

"అండాలుతోని పెట్టిచ్చుకో. మర్చిపోయేవు."

"మర్చిపోనత్తా."

రోడ్డు మీద గుర్వయ్య మందను అదిలిస్తున్నాడు. శోభ రెండడుగులు వేసి ఆగింది.

"పోయొస్త అత్తా."

సత్తమ్మ కళ్ళు చిన్నవి చేసుకుని చూసింది. పెదాల చివర నవ్వులాంటిది కదిలింది. "గదే గొంతు" అంది.

"ఏ గొంతత్తా?"

"మావోడన్నడని చెప్పినవు సూడు, గా పొద్దు. గప్పుడు గూడ గిదే గొంతు. వాడు ఎన్నడన్న గంత మెత్తగ మాట్లాడిండా? వాడు నోరు తెరిస్తె రెండు చెల్కల అవతల ఇనబడేది. కన్నదాన్ని, నాకెర్కలేదా?"

శోభకు మొఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "ఎర్కుండి మల్లమల్ల ఎందుకు అనిపిచ్చినవు మరి?"

"వాడంటె ఏమొస్తది బిడ్డా. వాడు రాడాయె. నీతోని అనిపిచ్చుకున్న."

శోభ కర్ర ఎత్తి రోడ్డెక్కింది. మంద కదిలింది. దొడ్డిలో ఒక గొర్రె మాత్రం మిగిలింది, సత్తమ్మ అమ్మనిది, ఈసారి ఎక్కడికీ పంపనిది. అది నిండు చూలుతో ఉండి ఆమెను పిలుస్తున్నట్టు అరిచింది. సత్తమ్మ దాని వైపు తిరగలేదు. రోడ్డు వైపే మొఖం పెట్టి నిలబడి, "పోయిరా" అంది.